హైస్కూల్లో సమాజశాస్త్రం: నిర్వచనం కంటే ముందు ప్రశ్న

తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్నవారిలో చాలామందికి సమాజశాస్త్రం (సోషియాలజీ) మొదటిసారి ఎదురయ్యేది బడిలో కాదు, పోటీ పరీక్షల కోచింగ్‌లో. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్లో సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రభుత్వ విధానాల మీద ఒక భాగం ఉంది. వెట్టి, జోగిని వ్యవస్థ, బాల కార్మికులు, వలసలు, ఫ్లోరోసిస్, రైతుల, చేనేత కార్మికుల కష్టాలు అందులోని అంశాలు. పాతికేళ్ల వయసులో హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని వీటిని బిట్లుగా బట్టీ పట్టే అభ్యర్థుల్లో ఎంతోమంది ఆ వలసల జిల్లాల నుంచి, ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. తమ కళ్ల ముందు జరిగిన సంగతులను ఒక శాస్త్రం పరిశీలిస్తుందని, ఆ పరిశీలనకు పద్ధతులు ఉన్నాయని పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో, అంటే ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడిగే వయసులో, వారికి చెప్పినవారు లేరు.

పదో తరగతి దాకా సాంఘిక శాస్త్రం అంటే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం. కుల వివక్ష గురించో స్త్రీల హక్కుల గురించో చెప్పే పాఠాల రూపంలో సమాజశాస్త్రం వాటి మధ్య అక్కడక్కడా పేరు లేకుండా ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో ఐచ్ఛిక విషయంగా తీసుకునే వీలున్నా, ఎంపీసీ, బైపీసీల హోరులో దాన్ని చెప్పే కాలేజీలు తక్కువ. సీబీఎస్‌ఈ బడుల్లో మాత్రం పదకొండు, పన్నెండు తరగతుల్లో హ్యుమానిటీస్ తీసుకున్నవారికి అది పూర్తి స్థాయి సబ్జెక్టు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన సమాజశాస్త్ర పుస్తకాల్లో లోపాలు లేకపోలేదు గానీ, విద్యార్థికి తెలిసిన జీవితం నుంచి బయల్దేరి భావనల దగ్గరికి చేరాలన్న ప్రయత్నం వాటిలో గట్టిగానే కనిపిస్తుంది. చిక్కు పుస్తకంలో కంటే తరగతి గదిలోనే ఎక్కువ. పుస్తకం ఎంత బాగున్నా, దాన్ని చెప్పే తీరు రెండు పాత దారుల్లో ఏదో ఒకదానిలో పడిపోతోంది.

మొదటి దారి నిర్వచనాలది. ‘సమాజం’, ‘సముదాయం’, ‘సంఘం’, ‘సంస్థ’ అనే మాటలకు ఒక్కొక్కరు ఇచ్చిన నిర్వచనాలు రాయించి, వాటి లక్షణాలను ఒకటి, రెండు, మూడు అంటూ వరుసగా చెప్పించి, ‘సమాజశాస్త్ర పితామహుడు ఎవరు’ అనే ప్రశ్నకు ఆగస్ట్ కోమ్ట్ అనే జవాబుతో తొలి నెల ముగించడం ఈ పద్ధతి. దీనివల్ల విద్యార్థికి కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. తెలిసిన సంగతులకే బరువైన పేర్లు వచ్చి చేరతాయి. ‘కుటుంబం సమాజానికి మూలం’ అని రాసిన విద్యార్థికి తన కుటుంబం గురించి అంతకు ముందు తెలియనిది ఒక్కటీ తెలియదు.

రెండో దారి నీతిబోధది. ఇది మంచి ఉద్దేశంతో మొదలవుతుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం. వరకట్నం ఒక దురాచారం, బాల్య వివాహం ఒక దురాచారం, అంటరానితనం ఒక దురాచారం; వాటికి కారణాలు, ఫలితాలు, నివారణ మార్గాలు రాయండి అని అడిగితే, పదో తరగతి విద్యార్థి ఏ అంశానికైనా ఒకే జవాబు రాయగలడు: కారణం నిరక్షరాస్యత, పేదరికం; నివారణ చైతన్యం, ప్రభుత్వ చర్యలు. ఇందులో అబద్ధం లేదు గానీ పరిశీలన కూడా లేదు. కట్నం చెడ్డదని తెలిసిన కుటుంబాలు, డిగ్రీలు ఉన్న కుటుంబాలు కట్నం ఇస్తూ పుచ్చుకుంటూ ఎందుకు ఉన్నాయి, ఆడపిల్ల చదువు పెరిగిన కొద్దీ కట్నం తగ్గాల్సింది పోయి కొన్ని చోట్ల ఎందుకు పెరిగింది అనే అసలు ప్రశ్నలు ‘నిరక్షరాస్యత’ అనే జవాబు దగ్గరే ఆగిపోతాయి. దురాచారాన్ని ఖండించడం పౌరుడిగా అవసరమే. అది ఎలా నడుస్తోంది, ఎవరికి ఎందుకు గిట్టుబాటు అవుతోంది, ఎవరు కాదనలేకపోతున్నారు అని వెతకడం మాత్రం సమాజశాస్త్రం పని. ఆ వెతుకులాట జరిగితే ఖండన బలహీనపడదు. దేన్ని మార్చాలో తెలిసి మరింత పదునెక్కుతుంది.

ఈ రెండు దారులు కాకుండా ప్రవేశ స్థాయిలో నేర్పవలసింది ప్రధానంగా ఒక్కటే: ఒక మనిషికి జరిగినదాన్ని ఎంతోమందికి జరుగుతున్నదానితో కలిపి చూసి, ఆ పోలికకు ఆధారం అడగడం. అమెరికన్ సమాజ శాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో దీన్ని వ్యక్తి ఇబ్బందికీ సమాజ సమస్యకూ ఉన్న తేడాగా వివరించాడు. లక్ష మంది ఉన్న పట్టణంలో ఒక్కడికి పని లేకపోతే అతని నైపుణ్యం గురించి, స్వభావం గురించి ఆరా తీయవచ్చు; దేశంలో కోటిన్నర మందికి పని లేనప్పుడు ఆ ఆరా సరిపోదని అతని వాదన. ఇదే సంగతి పాలమూరులోని ఏ హైస్కూల్లోనైనా ఇంకా సూటిగా చెప్పవచ్చు. తండ్రి బొంబాయికి పనికి పోయాడు, తల్లి కూడా పోతే పిల్లవాడు సీజనల్ హాస్టల్లో ఉంటున్నాడు. ఆ పిల్లవాడి దృష్టిలో ఇది తన ఇంటి కథ. తరగతిలో ఎందరి ఇళ్లలో ఇదే జరిగింది, ఏ నెలల్లో పోతారు, ఏ నెలల్లో వస్తారు, ఎకరం భూమి లేనివాళ్లు ఎంతమంది, బోరు ఉన్నవాళ్లు ఎంతమంది అని ఒక పట్టిక గీసేసరికి, ఇంటి కథ వాన, భూమి, కూలి రేట్లు, మేస్త్రీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు కలిసి తయారుచేసిన ఒక క్రమంగా మారుతుంది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో బొంబాయి స్థానంలో గల్ఫ్ వస్తుంది, మేస్త్రీ స్థానంలో వీసా ఏజెంటు వస్తాడు. క్రమం ఎక్కడ ఒకటిగా ఉంది, ఎక్కడ వేరైంది అని అడగడంతో రెండో పాఠం మొదలవుతుంది.

తొలి పాఠాలకు తెలుగు విద్యార్థుల దగ్గర సిద్ధంగా ఉన్న సరుకు బంధుత్వం. ‘ఆమె నీకు ఏం వరస?’ అన్న ప్రశ్నకు ఎనిమిదో తరగతి పిల్లలు తడుముకోకుండా జవాబు చెబుతారు. అయితే ఆ జవాబుల వెనక ఒక నియమం ఉందని వారికి తెలియదు. అది వారి చేతనే బయటికి తీయించవచ్చు. బోర్డు మీద విద్యార్థిని మధ్యలో పెట్టి, పైన తల్లిని, తండ్రిని, వారి పక్కన వారి తోబుట్టువులను, కింద వారి పిల్లలను గీయాలి. ఒక్కొక్కరిని ఏమని పిలుస్తారో అడిగి రాయాలి. తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న; తల్లి అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని; వీరి పిల్లలందరూ అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు. తల్లి అన్నదమ్ములు మేనమామలు, తండ్రి అక్కచెల్లెళ్లు మేనత్తలు. వీరి పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు, బావమరుదులు. గీసిన బొమ్మను కాసేపు అలా ఉంచితే చాలు, ఎవరో ఒకరు చెబుతారు: పెళ్లి వరస అయినవాళ్లు ఒకవైపు, కానివాళ్లు ఇంకోవైపు ఉన్నారని. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: పెళ్లయ్యాక భర్త తల్లిదండ్రులను ఏమంటారు? అత్త, మామ. బయటి సంబంధం చేసుకున్న ఇంట్లో కూడా మేనరికం నాటి పిలుపులే నడుస్తున్నాయి. ఎవరూ కూర్చుని రాయని, ఎవరూ పాఠంగా చెప్పని ఒక నియమాన్ని ఊరంతా పాటిస్తోందన్న సంగతి పిల్లలు తామే కనుక్కుంటారు. ‘సామాజిక నిర్మాణం’ అనే మాట అప్పుడు, ఆ బొమ్మ ముందు, చెబితే దానికి ఒక ఆకారం ఉంటుంది. 1871లో అమెరికన్ పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గన్ ప్రచురించిన ప్రపంచ బంధుత్వ పట్టికల్లో తమిళంతో పాటు తెలుగు వరసలు కూడా ఉన్నాయని, మానవ శాస్త్రవేత్త ఇరావతీ కార్వే 1953లో ఉత్తర, దక్షిణ భారత బంధుత్వ పద్ధతుల తేడాలను విస్తారంగా చర్చించారని కూడా ఈ దశలోనే చెప్పవచ్చు. తమకు తెలిసిన సంగతి మీద అంత పెద్ద పరిశోధన జరిగిందని తెలిస్తే పిల్లలకు ఆ శాస్త్రం మీద గౌరవం పుడుతుంది.

ఈ పాఠం ఇక్కడ ఆగకూడదు. ఆ తరగతిలోనే ముస్లిం విద్యార్థులు ఉంటే, చిన్నాన్న పిల్లలతో కూడా పెళ్లి సంబంధం కలుపుకోవచ్చని వారు చెబుతారు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు బడి అయితే గోండు పిల్లలు తమ సగల (గోత్రాల్లాంటి వంశ విభాగాల) గురించి చెబుతారు: ఏడుగురు, ఆరుగురు, ఐదుగురు, నలుగురు దేవుళ్ల సగలు ఉంటాయి, ఒకే సగలో పెళ్లి కుదరదు. ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబపు పిల్లకు మేనమామ కొడుకుతో పెళ్లి అన్న మాటే వింతగా ఉంటుంది. 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య వివాహాన్ని నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. మన ఊళ్లలోని మేనరికాలు ఆ మినహాయింపు కింద నడుస్తున్నవే. ఒకరికి సహజంగా తోచేది ఇంకొకరికి నిషిద్ధం అని ఒకే గదిలో కూర్చున్న పిల్లల జవాబుల నుంచే తేలినప్పుడు, ఎవరి ఆచారం గొప్పదన్న వాదనకు దిగకుండా, ప్రతి పద్ధతి ఏ అవసరాన్ని తీరుస్తోందో అడిగే అలవాటు మొదలవుతుంది. ఆస్తి బయటికి పోకుండా ఉండటం, ఆడపిల్ల తెలిసిన ఇంటికే వెళ్లడం, రెండు కుటుంబాల పాత బంధం నిలవడం వంటి కారణాలు పిల్లలే చెబుతారు. దగ్గరి సంబంధాల వల్ల పుట్టే పిల్లల ఆరోగ్యానికి ఉన్న ముప్పు గురించి జీవశాస్త్రం ఉపాధ్యాయుడు చెప్పే సంగతి కూడా ఇక్కడ కలపాలి; ఆచారాన్ని అర్థం చేసుకోవడం వేరు, వెనకేసుకురావడం వేరు.

రెండో గొప్ప పాఠం ప్రశ్న అడిగే తీరు గురించి. పిల్లలకు ఒక చిన్న సర్వే అప్పగించి, పది ఇళ్లకు వెళ్లి ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారో రాసుకు రమ్మంటే, ఆడవాళ్ల వరుసలో ఎక్కువగా వచ్చే జవాబు ‘ఏం చెయ్యదు, ఇంటి దగ్గరే ఉంటుంది’ అని. ఆ మాట భర్త చెప్పవచ్చు, అత్త చెప్పవచ్చు, చాలాసార్లు ఆమే చెబుతుంది. రెండోసారి అదే ఇళ్లకు పంపి, ప్రశ్న మార్చి అడగమనాలి: నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఏ గంటకు ఏం చేశారు? ఈసారి పాలు పితకడం, పేడ తీయడం, నీళ్లు మోయడం, పిల్లలకు క్యారేజీ కట్టడం, కలుపుకు పోవడం, మధ్యాహ్నం నుంచి బీడీలు చుట్టడం, ముసలివాళ్లకు మందులు ఇవ్వడం అన్నీ కాగితం మీదికి వస్తాయి. ఇల్లు అదే, మనిషి ఆమే. ప్రశ్న మారితే ‘వాస్తవం’ మారిపోయింది. ఈ ఇబ్బంది పిల్లల సర్వేకే పరిమితం కాదు. 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్నకు ‘పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసిన పని కూడా కలిపి’ అన్న అర్థం వచ్చే మాటలు చేర్చింది, అంతకు ముందు లెక్కల్లో ఆడవాళ్ల శ్రమ జారిపోతోందన్న విమర్శ వల్లనే. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాలుపంచుకునే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. పిల్లలు తాము తెచ్చిన పది ఇళ్ల లెక్కను ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో, పది ఇళ్లు దేశానికి ప్రతినిధులు అవుతాయో లేదో, తాము ఎంచుకున్న ఇళ్లన్నీ తమ వీధిలోవే కావడం వల్ల ఏం జరిగిందో మాట్లాడుకోవాలి. నమూనా, సగటు, పక్షపాతం అనే మూడు భావనలు ఒక్క గంటలో, నిర్వచనం రాయించకుండా, వచ్చేస్తాయి.

అంకెలు చదవడం నేర్పని సమాజశాస్త్రం అభిప్రాయాల పోటీగా మిగిలిపోతుందని గట్టిగా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల నుంచి రెండు వరుసలు తీసుకుంటే ఒక పాఠానికి సరిపోతుంది. ప్రతి 1000 మంది పురుషులకు స్త్రీల సంఖ్య 2001లో 978, 2011లో 993. అదే ఆరేళ్లలోపు పిల్లల్లో చూస్తే 2001లో 961, 2011లో 939. ఒకటి పెరిగింది, ఇంకొకటి తగ్గింది. ‘ఆడవాళ్ల పరిస్థితి మెరుగైందా, దిగజారిందా’ అని అడిగితే తరగతి రెండుగా చీలుతుంది, రెండు పక్షాల దగ్గరా ఆధారం ఉంటుంది. మొత్తం జనాభా నిష్పత్తిలో స్త్రీలు ఎక్కువ కాలం బతకడం, మగవాళ్లు వలస పోవడం వంటివి కలిసి ఉంటాయి. పిల్లల నిష్పత్తి పుట్టుక దగ్గర, పుట్టిన తొలి ఏళ్లలో ఏం జరుగుతోందో చెబుతుంది. లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధించే చట్టం 1994లోనే వచ్చినా ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ తగ్గుదల ఎలా సాధ్యమైందన్న ప్రశ్న అక్కడి నుంచి సహజంగా పుడుతుంది. ఉపాధ్యాయుడు జవాబు చెప్పేయకుండా ఆ ప్రశ్నను వారం రోజులు తరగతిలో నిలిపి ఉంచగలిగితే అంతకు మించిన బోధన లేదు.

తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి సమగ్ర సర్వే జరిగినప్పుడు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులే చాలాచోట్ల ఎన్యూమరేటర్లుగా తిరిగారు. ప్రధాన ప్రశ్నలు 57, ఉప ప్రశ్నలతో కలిపితే 75. కులం, చదువు, భూమి, అప్పు, వలస, ఇల్లు అన్నీ అందులో ఉన్నాయి. ఫారం పట్టుకుని గడప ముందు నిలబడినప్పుడు ఏ ప్రశ్నకు జనం తలుపు సగం మూశారో, ఏ ప్రశ్నకు పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పారో ఆ ఉపాధ్యాయులకు తెలుసు. పరిశోధన పద్ధతుల పాఠానికి ఇంత దగ్గరి అనుభవం ఇంకెక్కడా దొరకదు. మండలంలోని హైస్కూలు వాళ్లు అలాంటి ఉపాధ్యాయుణ్ణి ఒక పూట పిలిపించుకుని, వ్యక్తుల వివరాలేవీ బయటపెట్టకుండా, అడగడంలోని కష్టసుఖాలు మాత్రమే చెప్పమంటే విద్యార్థులకు పెద్ద మేలు.

క్షేత్ర పరిశోధనకు మన నేల మీదే ఒక ప్రసిద్ధ ఉదాహరణ శామీర్‌పేట. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే నాయకత్వంలో ఒక బృందం ఆ గ్రామాన్ని అధ్యయనం చేసింది. దాని మీద ఆయన రాసిన గ్రంథం 1955లో వెలువడి, స్వతంత్ర భారతంలో గ్రామ అధ్యయనాలకు తొలి నమూనాల్లో ఒకటిగా నిలిచింది. కులాలు, వృత్తులు, కుటుంబం, పండుగలు, మారుతున్న ఆలోచనలు అన్నీ ఒక ఊరి చుట్టూ అల్లిన ఆ పరిశీలన జరిగినప్పుడు శామీర్‌పేట నగరానికి దూరంగా ఉన్న పల్లె. ఇప్పుడు అక్కడ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, రియల్ ఎస్టేట్ వెంచర్ల బోర్డులు ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బడులవాళ్లు పిల్లలను శామీర్‌పేట చెరువు దగ్గరికి విహారానికి తీసుకెళ్తుంటారు. అదే ప్రయాణంలో అప్పటి వృత్తికులాలవాళ్ల మనవలు ఇప్పుడు ఏం పనులు చేస్తున్నారు, భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది అని నలుగురు పెద్దవాళ్లను అడిగి రాసుకు రావడం పెద్ద కష్టమేమీ కాదు. ఇలాగే 1948లో మైసూరు దగ్గరి ఒక గ్రామంలో ఉండి పరిశీలించిన సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ‘ఆధిపత్య కులం’ అన్న భావనను అందించారు: వర్ణక్రమంలో పై మెట్టు మీద ఉండనక్కర్లేదు, భూమి, సంఖ్యాబలం, అధికారం ఉంటే ఊరి మీద పట్టు ఉంటుంది. ఈ భావనను తెలుగు ప్రాంతంలోని ఏ ఊరికైనా తీసుకెళ్లి, అది ఎంతవరకు వర్తిస్తుందో పరీక్షించవచ్చు. మైసూరు పల్లెలో పుట్టిన ఆలోచన గోదావరి డెల్టాలో ఎంత పనిచేస్తుంది, అదిలాబాద్ అడవిలో ఎక్కడ పనిచేయదు అని చూడటమే సిద్ధాంతాన్ని గౌరవించడం.

ఇంత దగ్గరి విషయాలు తరగతిలోకి తెచ్చేటప్పుడు గాయాలు కూడా వస్తాయి. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఉపకారవేతనాల కోసం బడి రిజిస్టర్లో ప్రతి విద్యార్థి కులం నమోదై ఉంటుంది. అది కార్యాలయం అవసరం, పాఠానికి ముడిసరుకు కాదు. కులం గురించి చెబుతూ ‘మీలో ఎవరెవరు ఏ కులం’ అని చేతులు ఎత్తించడం, ‘నీ అనుభవం చెప్పు’ అని ఒక దళిత విద్యార్థిని నిలబెట్టడం బోధన కాదు, హింస. విద్యార్థి తనంతట తాను చెబితే వినాలి, లేదంటే ఊళ్లోని నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టారు, శ్మశానాలు ఎన్ని, హోటల్లో గ్లాసులు ఎలా ఉండేవి, ఇప్పుడు ఎలా ఉన్నాయి అని స్థలాల ద్వారా, వస్తువుల ద్వారా, పాత తరాల జ్ఞాపకాల ద్వారా మాట్లాడాలి. ఊరి పటం గీయించి, వాడలను, బావులను, బడిని, గుడిని, రేషన్ షాపును గుర్తించమంటే ఎవరినీ వేలెత్తి చూపకుండానే చెప్పవలసింది పటమే చెబుతుంది. ఇంటి ఆదాయం, తండ్రి తాగుడు, తల్లిదండ్రులు విడిపోవడం వంటివి బయటపడే సర్వేలను సొంత ఇంటి మీద చేయించకూడదు; పొరుగు ఇళ్ల మీద చేయించినా పేర్లు రాయించకూడదు. పేరు రాయకపోవడం, ముందుగా అనుమతి అడగడం, ‘చెప్పను’ అన్నవారిని బలవంతపెట్టకపోవడం విద్యార్థులు తొలి రోజే నేర్చుకోవలసిన పద్ధతులు.

ఉదాహరణల ఎంపికలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఫ్రెంచ్ సమాజ శాస్త్రవేత్త ఎమిల్ దర్ఖేమ్ 1897లో ఆత్మహత్యల రేట్ల మీద చేసిన అధ్యయనం సమాజశాస్త్ర చరిత్రలో మైలురాయి. పూర్తిగా వ్యక్తిగతం అనుకునే చర్యలో కూడా సామాజిక క్రమం ఉంటుందని అది చూపింది. డిగ్రీ తరగతుల్లో దాన్ని చర్చించాల్సిందే. అయితే పరీక్షా ఫలితాల రోజుల్లో పిల్లల మరణాల వార్తలు వినవలసి వస్తున్న రాష్ట్రాల్లో, పదిహేనేళ్ల పిల్లల ముందు మొదటి ఉదాహరణగా దాన్ని పెట్టనక్కర్లేదు. పెళ్లి వయసును తీసుకుంటే అదే భావన అంతే బలంగా అందుతుంది. ఎప్పుడు పెళ్లి చేసుకోవాలన్నది ఎవరికి వారు, ఏ ఇంటికి ఆ ఇల్లు తీసుకున్న నిర్ణయంలా కనిపిస్తుంది. రాష్ట్రాలవారీగా పట్టిక పరిస్తే ఆ నిర్ణయాలన్నీ ఒక క్రమంలో సర్దుకుని కనిపిస్తాయి.

సిద్ధాంత ధోరణుల విషయంలో తక్కువ చెప్పడమే మేలు. క్రియావాదం (ఫంక్షనలిజం), సంఘర్షణ దృక్పథం, పరస్పర చర్యా దృక్పథం అనే మూడింటిని మూడు పాఠాలుగా కాకుండా, ఒకే సంగతి మీద వరుసగా మూడు ప్రశ్నలుగా చూపితే చాలు. ఆ సంగతి పదో తరగతి పబ్లిక్ పరీక్షే కావచ్చు. ఈ పరీక్ష సమాజానికి ఏం చేసిపెడుతోంది? దీనివల్ల ఎవరు లాభపడుతున్నారు, ఫీజు కట్టలేనివారు ఎక్కడ ఆగిపోతున్నారు? ‘టాపర్ల సెక్షన్’ అని, ‘డల్ బ్యాచ్’ అని విడదీసినప్పుడు ఆ పేరు పడిన పిల్లలు తమను తాము ఎలా చూసుకుంటున్నారు? మూడు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులు వస్తాయి, మూడూ నిజమే కావచ్చు. చివరి ప్రశ్న దగ్గర తరగతిలో కాస్త నిశ్శబ్దం వస్తుంది. దాన్ని తొందరగా మాటలతో నింపకూడదు.

ఇదంతా చేయాలంటే ఉపాధ్యాయుడికి సమయం, తర్ఫీదు రెండూ కావాలి. సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది డిగ్రీలో చరిత్రో, అర్థశాస్త్రమో, రాజనీతి శాస్త్రమో చదివి, బీఎడ్ చేసి వచ్చినవారు. సర్వే చేయడం, క్షేత్ర నోట్సు రాసుకోవడం వారికి ఎవరూ నేర్పలేదు. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో ప్రాజెక్టు పని అంటే గైడులోంచి ఎత్తి రాసి, అట్ట వేసి, స్కెచ్ పెన్నుతో అంచులు గీసిన పుస్తకంగా మారింది. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో 20 మార్కులు ప్రాజెక్టుకే కేటాయించినా, చాలా ప్రాజెక్టుల్లో విద్యార్థి ఒక్క మనిషినైనా స్వయంగా కలిసిన ఆనవాలు ఉండదు. తల్లిదండ్రుల నుంచి, ఊరి పెద్దల నుంచి ‘పిల్లలకు ఈ కులాల గొడవలు ఎందుకు, రాజకీయాలు ఎందుకు’ అన్న అభ్యంతరం కూడా వస్తుంది. ఆ గొడవలు పిల్లలకు బడి బయట ముందే చేరుతున్నాయి, వాట్సాప్‌లో ఆధారం లేకుండా చేరుతున్నాయి. ఆధారం అడగడం నేర్పే ఒక్క చోటును కూడా మూసేస్తే మిగిలేది పుకారే. బోధకుడు తన పార్టీ అభిప్రాయాన్ని పాఠంలో కలపకుండా ఉన్నంతవరకు ఈ అభ్యంతరానికి బలం లేదు. కలిపితే మాత్రం అభ్యంతరం న్యాయమే.

చివరికి బోధన ఎలా ఉండాలో తేల్చేది పరీక్షే కాబట్టి మార్పు ప్రశ్నపత్రం నుంచి మొదలుకావాలి. ‘బాల్య వివాహాల నివారణ మార్గాలు రాయండి’ అని అడిగినంత కాలం గైడు గెలుస్తుంది. దాని బదులు ఇలా అడగవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, కేరళలో 6.3 శాతం. ఈ అంకెలు ఏ వయసువారి గురించి చెబుతున్నాయి? ఈ ఏడాది జరుగుతున్న పెళ్లిళ్ల గురించి వీటినిబట్టి ఏం చెప్పగలం, ఏం చెప్పలేం? రెండు పొరుగు తెలుగు రాష్ట్రాల మధ్య తేడాకు మీరు ఊహించే ఒక కారణం చెప్పి, అది నిజమో కాదో తెలుసుకోవడానికి మీ ఊళ్లో ఎవరిని ఏం అడుగుతారో రాయండి. దీనికి గైడులో జవాబు దొరకదు. విద్యార్థి ఊహించిన కారణం తప్పైనా, దాన్ని పరీక్షించే దారి సరిగా రాస్తే పూర్తి మార్కులు ఇవ్వాలని, అంకెలు చెప్పనిదాన్ని అంకెల పేరుతో తీర్మానించిన జవాబుకు ఎంత అందంగా రాసినా మార్కులు తగ్గించాలని మూల్యాంకన సూచనల్లో స్పష్టంగా రాసి ఉంచితే, ఆ ప్రశ్నపత్రం వచ్చిన మరుసటి ఏడాదికే తరగతి గదిలో పాఠం చెప్పే తీరు మారుతుంది.